రెండు చకారములు

వైశాఖమాసము వచ్చినదనగా జి. కొండూరు మొదలు నూజివీడు వరకు గల పల్లెలలో మామిడికోతలు సాగుచుండును. చెట్టెక్కినవాడు చిక్కము నందిమ్మని కేకవేయును. క్రింద నొక ముసలమ్మ తాండ్రకు చాప పరచుకొని, పండ్లు తెచ్చి పోయువారిని "ఇక చాలు, చాలు" అని వారించును. చెట్టు, చిక్కము అనునప్పుడు నాలుక అంగిలిని తాకుచున్నది. చాప, చాలు అనునప్పుడు ఆ నాలుకయే ముందుకు జరిగి పైపంటి మొదళ్లను తాకుచున్నది. విద్యార్థులు పలికి చూచుకొనవచ్చును. మొదటి ధ్వనిని వ్యాకర్తలు తాలవ్యమనిరి, రెండవదానిని దంత్యమనిరి. తోటలోని వారెవ్వరును ఈ రెంటిని తారుమారు చేయరు. కాని వ్రాతలో రెంటికిని అక్షర మొక్కటే. జీడి, జొన్న అను మాటలలోని జకారము స్థితియు నిట్టిదే.

అట్లయినను చదువరి తడబడకుండుటకు కారణము కలదు. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున దీనికి నియమము చెప్పెను. తెలుగుమాటలలో ఇ, ఈ, ఎ, ఏ లతో కూడిన చ, జలు తాలవ్యములు. తక్కిన అచ్చులతో కూడినవి దంత్యములు. సంస్కృతమునుండి వచ్చిన మాటలలో మాత్రము అన్నియు తాలవ్యములే. అన్నములో పోసికొను చారు దంత్యము. వరలక్ష్మీవ్రతకథలోని చారుమతి పేరున గల చారు తాలవ్యము. ఆ మాటకు అందమైనదని అర్థము. ఈ రెండు చారులను మార్చి పలికినచో వంటయింట నవ్వులు తప్పవు! నియమము చక్కనిదే గాని వాడుకభాషకు పూర్తిగా చాలదు. "వచ్చినాడు" అనునది "వచ్చాడు" అయినప్పుడు చకారము ఆకారముతో కూడియు తాలవ్యముగనే నిలిచినది.

బందరు న్యాయస్థానమున పనిచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నిఘంటువు మొదట 1852లో వెలువడినది. 1903లో పరిష్కృతమై మరల అచ్చయినది. ఆ పుటలలో దంత్యములకు తలపై చిన్న గుర్తుతో ౘ, ౙ అను రూపములు కనబడును. చెవితో భాష నేర్చినవారికి ఆ గుర్తు అక్కరలేదు. కంటితో నేర్చువారికి అది యెంతయో ఉపకారి.

సరిగా ఇదే చిక్కు, ఇవే రెండు ధ్వనులతో, 600 ఏండ్లకు పూర్వము ఐరోపాఖండపు నడుమ నివసించు చెక్ జాతికి ఎదురయ్యెను. వారి ముఖ్యనగరము ప్రాగ్. వారి భాష పోలిష్, రష్యన్ భాషలకు చుట్టము; దానిని నేడు సుమారు కోటిమంది మాటలాడుచున్నారు. వారు గ్రహించిన లిపి లాటినుది. లాటినులో లేని ధ్వనులకు ఆ లిపిలో అక్షరము లెక్కడివి? కనుక లేఖకులు రెండేసి అక్షరములను జంటకట్టి వ్రాసిరి. ఒక్కొక్కరి జంట ఒక్కొక్క తీరు. ఆంగ్లమున చెక్ అను పేరును నేటికిని "సి", "జెడ్" అను రెండక్షరములతో మొదలుపెట్టుట ఆ పాత అలవాటునకు మిగిలిన ఆనవాలు.

ప్రాగ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, ప్రజలకు వారి భాషలోనే ప్రబోధించిన యాన్ హుస్ అను మహనీయుడు ఈ చిక్కును విడదీసెనని చెప్పుదురు. 15వ శతాబ్ది ఆరంభమున లాటినులో వెలసిన ఒక చిన్న లేఖనగ్రంథము ఆయనదని పండితుల తలంపు. జంటలు వలదు, అక్షరముపై ఒక చుక్క నుంచిన చాలునని అందలి ఉపాయము. దీర్ఘాచ్చునకు ఒక చిన్న గీత. దీర్ఘము, గుడిదీర్ఘము పుట్టుకతోనే పొందిన మనకు ఆ గీత విలువ వెంటనే తోచదు. హుస్ 1415 జులై 6న కాన్‌స్టాన్స్ నగరమున సజీవదహనము చేయబడెను. అది మతవివాదమువలన గాని చుక్కలవలన గాదు. ఆ చుక్క కాలక్రమమున చిన్న కొక్కెమైనది. దానిని వారు హాచెక్ అందురు. ఆ మాటకు చిన్న కొక్కెమనియే అర్థము. చెక్ బాలుడు తేనీటిని "చయ్" అనును, మొదటి అక్షరముపై కొక్కెము వేయును. అందు కలుపు పంచదారను "ౘుక్ర్" అనును, దానికి కొక్కెము లేదు.

1620లో శ్వేతగిరి యుద్ధమున చెక్ ప్రభువు లోడిపోయిన పిమ్మట కచేరీలలోను, ఉన్నతవిద్యలోను జర్మనుభాష ప్రబలెను. చెక్ పల్లెవాసుల నోట నిలిచెను. 1809లో దానికి వివరమైన వ్యాకరణము రచించిన దోబ్రోవ్‌స్కీ ఆ గ్రంథమును జర్మనులోనే వ్రాసెననిన నాటి స్థితి ఊహింపవచ్చును. యుంగ్మన్ 1834 మొదలు 1839 వరకు ఐదు సంపుటముల నిఘంటువును ప్రకటించి భాషకు మరల నిండుదనము తెచ్చెను.

మన వాడుకవ్రాతలో ౘ, ౙ లకు చోటు దొరకలేదు. 2008లో కంప్యూటర్ల ఉమ్మడి వర్ణపట్టికయగు యూనికోడ్‌లో మాత్రము వాటికి స్థానము లభించెను. కొండూరు బాలునికి దీనివలన నష్టము లేదు; తల్లినోట విన్న ధ్వని అతనికి చాలును. ఏ అమెరికాలోనో పెరిగి, అక్షరములు ముందు నేర్చి మాటలు తరువాత వినెడి తెలుగుబిడ్డ చాపను చెట్టులోని చకారముతో పలుకును. తప్పు బిడ్డది గాదు, అక్షరము ఏమియు చెప్పలేదు. అందరి వ్రాతలోను గుర్తు లుంచుట అనవసరపు శ్రమ. అట్టి బిడ్డల వాచకములలో నైనను ౘాప, ౘారు, ౙొన్న అని అచ్చువేయుట యుక్తము. చెట్టునకు గుర్తు అక్కరలేదు.