ఫోన్‌లో నర్సింగ్: ఎంతవరకు నిజం?

నిజాంసాగర్‌లో బైపీసీ ముగించి ‘నర్సింగ్ చేద్దామా’ అనుకుంటున్న వాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఒకటే. ఇంట్లో ఉండి, ఆన్‌లైన్‌లో చేయొచ్చా? చేయలేం. దూరవిద్యలో తీసుకున్న జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ పట్టాలను ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించదు. మూడేళ్ల జీఎన్‌ఎం అయినా, నాలుగేళ్ల బీఎస్సీ అయినా వార్డుల్లో డ్యూటీలు చేసి పూర్తిచేయాల్సిందే. బీఎస్సీకి ఇంటర్ బైపీసీలో 45 శాతం, జీఎన్‌ఎంకు ఇంటర్‌లో 40 శాతం మార్కులుండాలి. మనకు దగ్గర్లోనే, బాన్సువాడలో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది.

వార్డు డ్యూటీలపై ఇంత పట్టుదల ఎందుకంటే, బీపీ చూడటం వీడియోలో ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. కానీ పట్టీలో గాలి మెల్లగా వదులుతుంటే స్టెతస్కోప్‌లో మొదటి చప్పుడు ఎక్కడ వినిపించిందో, ఎక్కడ ఆగిందో పదిమందికి చూస్తేగాని చెవికి పట్టదు. సెలైన్ కోసం ముసలామె చేతిలో నరం వెతకడమూ అంతే. ఒకపక్క వేలితో తడుముతూనే, మరోపక్క మాటల్లో పెట్టి ఆమె భయం పోగొట్టాలి. దూరవిద్యకు పేరున్న బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో నర్సింగ్ చదివినా 2,300 గంటల ప్రాక్టికల్ శిక్షణ పూర్తిచేయాల్సిందే.

మరి ఆన్‌లైన్ ఎందుకు? కాలేజీలో చేరాక అదే మంచి తోడు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు అనాటమీ, ఫార్మకాలజీ పాఠాలు ఒక్కసారి వింటే ఎక్కవు. రికార్డు చేసిన పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి, నాలుగుసార్లు వినొచ్చు. కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ పోర్టల్‌లో పాఠాలను ఉచితంగా వినొచ్చు.

ఉద్యోగంలో చేరాక ఇంకా ఉపయోగం. జీఎన్‌ఎం చేసి, రిజిస్ట్రేషన్, అనుభవం ఉన్నవాళ్లకు దూరవిద్యా సంస్థ ఇగ్నోలో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ ఉంది. దానికీ ప్రాక్టికల్స్ తప్పవు. అమెరికా వెళ్లడానికి ఎన్‌క్లెక్స్, గల్ఫ్‌కు ప్రోమెట్రిక్ పరీక్షలకు నైట్ డ్యూటీ దిగాక ఇంట్లోనే సిద్ధం కావచ్చు. జర్మనీకైతే జర్మన్ భాష రావాలి. విదేశీ నర్సింగ్ కొలువులకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ శిక్షణ ఇప్పిస్తోంది.

ఎక్కడ చేరినా ముందు ఆ కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. తర్వాత ఒకే ప్రశ్న అడగండి: ‘క్లినికల్ డ్యూటీలు ఏ ఆసుపత్రిలో?’ సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.