ఆదిలాబాద్ దారిలో ఛార్జర్లు ఎక్కడ పెట్టాలి? ఒక లెక్క

ప్లేస్‌మెంట్స్ కోసం లీట్‌కోడ్ చేసేవాళ్ళకి 871వ ప్రాబ్లమ్ తెలిసే ఉంటుంది. కారులో కొంత పెట్రోల్ ఉంది, దారిలో అక్కడక్కడా బంకులున్నాయి, అతి తక్కువ సార్లు ఆగి గమ్యం చేరాలి. అందులో బంకులు ఎక్కడున్నాయో ముందే ఇచ్చేస్తారు. ఇక్కడ మనం దాన్ని తిరగేద్దాం. రోడ్డు తెలుసు, కార్లు తెలుసు, బంకులు ఎక్కడ పెట్టాలో మనమే చెప్పాలి. పెట్రోల్ బదులు కరెంటు. రోడ్డు మనదే: హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ వెళ్ళే 44వ నంబర్ జాతీయ రహదారి, దానికి కరీంనగర్ వైపు నుంచి వచ్చి కలిసే దారి.

కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు హైవేకి రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకి కనీసం ఒక ఛార్జింగ్ స్టేషన్ ఉండాలని అప్పట్లో చెప్పాయి. ఎక్కువ దూరం వెళ్ళే బండ్లకి, భారీ వాహనాలకి ప్రతి 100 కిలోమీటర్లకి ఒక ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ ఉండాలి. బాగానే ఉంది. కానీ సమాన దూరంలో పెట్టినంత మాత్రాన అందరూ వాటిని సమానంగా వాడతారా?

ఒక ఛార్జ్‌తో ఎంత దూరం?

40 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న కారు తీసుకుందాం. కిలోవాట్ అవర్ అంటే భయపడకండి, మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే అది. హైవే స్పీడ్‌లో, ఏసీ వేసుకుని, యూనిట్‌కి 6 కి.మీ. వస్తుందనుకుందాం. బ్యాటరీని 15 శాతం కంటే కిందికి పోనివ్వం. అంటే ఇంట్లో నిండా ఛార్జ్ చేసి బయల్దేరితే 34 యూనిట్లు, 204 కి.మీ. దారిలో మాత్రం 80 శాతం దాకానే ఎక్కిస్తారు, ఆ తర్వాత ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. 80 నుంచి 15కి వచ్చేలోపు 26 యూనిట్లు, 156 కి.మీ.

ఈ రెండు నంబర్లు గుర్తు పెట్టుకోండి: 204, 156.

పోయేటప్పుడు ఒక చోటు, వచ్చేటప్పుడు ఇంకో చోటు

హైదరాబాద్ నుంచి కామారెడ్డి సుమారు 115 కి.మీ., అక్కడి నుంచి ఆర్మూర్ 70, ఆర్మూర్ నుంచి నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ 125. మొత్తం 310. ఒక్కసారైనా ఆగాల్సిందే.

కామారెడ్డిలో ఆగి 80 శాతం దాకా ఎక్కించుకుంటే 156 కి.మీ. వెళ్తాం, కానీ ఆదిలాబాద్ ఇంకా 195 ఉంది. సరిపోదు. అదే ఆర్మూర్ దాకా వెళ్ళి ఎక్కించుకుంటే మిగిలేది 125, హాయిగా చేరతాం. ఇప్పుడు తిరుగు ప్రయాణం. ఆదిలాబాద్ నుంచి వచ్చి ఆర్మూర్‌లో 80 దాకా ఎక్కిస్తే హైదరాబాద్ ఇంకా 185, మళ్ళీ సరిపోదు. ఈసారి ఆగాల్సింది కామారెడ్డిలో. కాకపోతే ఆదిలాబాద్ నుంచి కామారెడ్డి చేరేసరికి మనకున్న 204లో 9 కిలోమీటర్లే మిగులుతాయి. అంత ధైర్యం లేనివాళ్ళు ఆర్మూర్‌లో కూడా ఓ పది నిమిషాలు ఆగుతారు.

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా వెళ్ళేవాళ్ళు కూడా ఆర్మూర్‌లోనే 44లో కలుస్తారు. అక్కడికి 130, అక్కడి నుంచి 125. వాళ్ళకీ ఆగడానికి అనువైన చోటు అదే. గ్రాఫ్ భాషలో చెప్తే ఆర్మూర్ రెండు హైవేలు కలిసే నోడ్. 25 కి.మీ.కి ఒకటి చొప్పున పెడితే కొన్ని ఖాళీగా ఉంటాయి, ఆర్మూర్‌లో క్యూ ఉంటుంది.

క్యూ లెక్క

క్యూల గణితం మొదలైంది టెలిఫోన్ల దగ్గర. డెన్మార్క్‌కి చెందిన ఎర్లాంగ్ 1909లో కాల్స్ రద్దీ మీద పేపర్ రాశాడు. అదే గణితం ఛార్జర్లకీ పనికొస్తుంది. కార్లు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి, ఒక్కో కారుకి సగటున 40 నిమిషాలు పడుతుంది అనుకుందాం (ఎం/ఎం/సి మోడల్). దసరా ముందు రోజు ఒక్కో ఛార్జర్‌కి గంటకి ఒక కారు చొప్పున వస్తే, సగటున ఆగాల్సిన సమయం ఇదీ:

- ఒక చోట 1 ఛార్జర్, గంటకి 1 కారు: 80 నిమిషాలు
- ఒక చోట 2 ఛార్జర్లు, గంటకి 2 కార్లు: 32 నిమిషాలు
- ఒక చోట 4 ఛార్జర్లు, గంటకి 4 కార్లు: 11 నిమిషాలు

ఛార్జర్‌కి ఇన్ని కార్లు అనే లెక్క మూడింట్లో ఒకటే. ఒక చోట చేర్చడం వల్లే 80 కాస్తా 11 అయింది. బ్యాంకులో కౌంటర్లన్నింటికీ కలిపి ఒకే లైన్ పెడితే త్వరగా కదిలినట్టే.

ఇప్పుడు ఆ నాలుగింట్లో ఒకటి పాడైందనుకోండి. మూడు ఛార్జర్లు, అవే నాలుగు కార్లు. 11 నిమిషాలు 96 అవుతాయి! అదే మొదటే ఐదు పెట్టి ఉంటే ఒకటి పాడైనా 11 దగ్గరే ఆగుతాం. రద్దీ లెక్క నాలుగు అంటే ఐదు పెట్టాలి, లేదా పాడైన దాన్ని గంటల్లో బాగు చేసే మనిషి ఆ ఊళ్ళోనే ఉండాలి.

కరెంటు ఎక్కడి నుంచి?

60 కిలోవాట్ల ఛార్జర్లు ఐదు అంటే 300 కిలోవాట్లు. 5 హెచ్‌పీ బోరు మోటార్లు 80 ఒకేసారి నడిచినంత లోడ్. రామగుండం ఎన్టీపీసీ స్టేషన్ సామర్థ్యం 2,600 మెగావాట్లు, దాని ముందు ఇది లెక్కే కాదు. ఇబ్బంది చివరి కిలోమీటర్‌లో. పొలాల దగ్గర మనం చూసే ట్రాన్స్‌ఫార్మర్లు 25, 63, 100 కేవీఏవి. ఛార్జర్లని వాటి మీద వేస్తే రైతుల మోటార్లు కాలిపోతాయి. కాబట్టి స్టేషన్‌కి 11 కేవీ లైన్ నుంచి సొంత ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. సబ్‌స్టేషన్‌కి దగ్గరగా ఉన్న స్థలం రెండు కిలోమీటర్లు అటూ ఇటూ అయినా అదే మేలు.

మరి ఉట్నూర్?

ఇప్పటిదాకా వేసిన లెక్క రద్దీని బట్టి వేసింది. 2005లో క్యూబీ, లిమ్ అనే పరిశోధకులు చూపించిన మోడల్ కూడా ఎక్కువ ప్రయాణాలు ఎక్కడ సాగుతాయో చూసి స్టేషన్లు పెడుతుంది. ఈ పద్ధతిని ఒక్కదాన్నే నమ్మితే ఆదిలాబాద్ నుంచి ఇంద్రవెల్లి, ఉట్నూర్, జన్నారం మీదుగా మంచిర్యాల వెళ్ళే 150 కి.మీ. అడవి దారికి వచ్చేది సున్నా. స్టేషన్ లేదు కాబట్టి అక్కడ ఎవరూ ఎలక్ట్రిక్ బండి కొనరు, బండ్లు లేవు కాబట్టి స్టేషన్ రాదు. కోడ్‌లో అయితే దీన్ని డెడ్‌లాక్ అంటాం.

నిజానికి ఇక్కడ ఖర్చు తక్కువే. ఉట్నూర్‌లో 30 కిలోవాట్ల ఛార్జర్ ఒక్కటి పెట్టి, కారుకి గంట పట్టి, ఆరు గంటలకి ఒక కారు వస్తే ఆగాల్సింది సగటున 12 నిమిషాలు. ఆర్మూర్‌లో ఐదు ఛార్జర్లతో కాపాడుకున్న 11 నిమిషాలకి దాదాపు సమానం. అది పాడైతే? పక్కనే 3.3 కిలోవాట్ల మామూలు సాకెట్ ఒకటి ఉంచితే రాత్రి 8 గంటల్లో 26 యూనిట్లు ఎక్కుతాయి. పొద్దున లేచి మంచిర్యాల చేరొచ్చు.

అంటే రెండు ప్రశ్నలు వేర్వేరు. హైవే మీద "ఎంతసేపు ఆగాలి" అనేది ప్రశ్న, అక్కడ ఛార్జర్లని ఒక చోట చేర్చాలి, ఒకటి అదనంగా ఉంచాలి. అడవి దారిలో "అసలు చేరతామా" అనేది ప్రశ్న, అక్కడ కార్లు లెక్కపెట్టకుండా ముందే ఒకటి పెట్టాలి. 25 కి.మీ. అనే ఒక్క రూల్ ఈ రెండింటికీ జవాబు చెప్పలేదు.

పైథాన్‌లో ఇదంతా ఇరవై లైన్లు. 204, 156 తీసుకుని మీ ఊరి దారి మీద వేసి చూడండి. మీ ఆర్మూర్ ఏదో, మీ ఉట్నూర్ ఏదో తెలుస్తుంది.