పసిబిడ్డకు లంగోటీ కింద ఒరుపు, పుండ్లు – తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు



పొత్తిగుడ్డలు అనే మాట మనం ప్రతి క్రిస్మస్‌కూ వింటాం. మన ఇళ్లలో కూడా బిడ్డ పుట్టక మునుపే పాత నూలు చీరలు చింపి, ఉతికి, మడిచి పెట్టుకోవడం ఆనవాయితీ. ఇప్పుడు వాటికి తోడు దుకాణాల్లో దొరికే డైపర్లు కూడా వచ్చాయి. గుడ్డయినా డైపరయినా, దాని కింద ఉండే చర్మం ఒక్కటే. ఆ చర్మం ఎర్రబడి, ఒరుసుకుపోయి, ఒక్కోసారి నెత్తురు చెమ్మ కనబడేంతగా పుండు పడడాన్ని డైపర్ ర్యాష్ అంటాము. ఇది ఎందుకు వస్తుంది, ఎక్కువైనప్పుడు ఇంట్లో ఏమి చేయాలి, ఆసుపత్రికి ఎప్పుడు తీసుకురావాలి అనే మూడు సంగతులు ఈ నెల పాఠంలో చెప్పదలచాము.

ముందుగా ఒక మాట. "కోడలికి బిడ్డను శుభ్రంగా ఉంచడం చేతకాదు" అని తల్లిని నిందించడం మా పిల్లల వార్డులో తరచుగా వింటున్నాము. ఇది సరి కాదు. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు, ఎంత శుభ్రంగా చూసుకునే ఇంట్లోనైనా, ఒక్క పగటిలోనే చర్మం లేచిపోవచ్చు. నిందకు భయపడి తల్లి దాచిపెడితే, లేదా ఎవరికీ చెప్పకుండా ఏదో ఒక ట్యూబు తెప్పించి రాస్తే, నష్టపోయేది బిడ్డే.

ఎందుకు వస్తుంది?

నీళ్లలో ఎక్కువసేపు ఉంటే మన వేళ్లు ఎలా నానిపోతాయో, తడి గుడ్డలో ఉన్న బిడ్డ చర్మం కూడా అలాగే నానుతుంది. నానిన చర్మం చిన్న రాపిడికే చెక్కుకుపోతుంది. మూత్రం, మలం కలిసినప్పుడు అమ్మోనియా పుట్టి అక్కడ క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు ఆహారాన్ని అరిగించడానికి పేగుల్లో పుట్టి మలంతో బయటికి వచ్చే రసాలకు బలం వస్తుంది. అవి చర్మాన్ని కూడా తినడం మొదలుపెడతాయి. అందుకే మూత్రంతో తడిసిన గుడ్డ కంటే మలం అంటిన గుడ్డ ఎక్కువ ప్రమాదం. విరేచనాలప్పుడు పుండ్లు ఎక్కువ కావడానికి కారణం కూడా ఇదే.

తల్లిపాలు మాత్రమే త్రాగే బిడ్డల మలంలో ఈ గుణం తక్కువగా ఉంటుంది. మొదటి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వండి అని మేము చెప్పడానికి ఉన్న అనేక కారణాలలో ఇది కూడా ఒకటి.

ఏ రకమో గుర్తుపట్టడం ఎలా?

1. మామూలు ఒరుపు: గుడ్డ ఆనుకొనే ఎత్తు భాగాలు, అంటే పిర్రలు, తొడలు, పొత్తికడుపు కింది భాగం ఎర్రబడతాయి. గజ్జల మడతల లోపల మాత్రం చాలావరకు బాగానే ఉంటుంది.

2. శిలీంధ్రం, అంటే ఫంగస్ పట్టినది: గజ్జల మడతల్లోనే ముదురు ఎరుపు కనబడుతుంది. పెద్ద మచ్చ చుట్టూ విడివిడిగా చిన్న చిన్న ఎర్రటి పొక్కులు ఉంటాయి. నోటిలో తుడిచినా పోని తెల్లటి పూత కూడా ఉండవచ్చు. జ్వరానికో దగ్గుకో యాంటీబయాటిక్ మందులు వాడిన తరువాత ఇది ఎక్కువగా వస్తుంది. మామూలు ఒరుపు మూడు రోజులకు మించి తగ్గకుండా ఉంటే, దాని మీద ఫంగస్ చేరి ఉండవచ్చు.

3. చీము పట్టినది: చీము పొక్కులు, నీటి బొబ్బలు, తేనె రంగు పెచ్చులు, చుట్టూ వాపు, వేడి. దీనికి ఇంటి వైద్యం పనికిరాదు.

4. మరొక జబ్బుకు గుర్తు: మలద్వారం చుట్టూ మాత్రమే కాక నోటి చుట్టూ, చేతుల మీద, పాదాల మీద కూడా పుండ్లు ఉండి, విరేచనాలు, జుట్టు ఊడడం కూడా ఉంటే అది శరీరంలో జింకు లోపం కావచ్చు. బొడ్డు చుట్టూ, అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు వచ్చి రాత్రంతా దురదతో ఏడుస్తుంటే, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే, అది గజ్జి కావచ్చు. ఇవి డాక్టరు చూడవలసినవి.

పుండు ఎక్కువగా ఉన్నప్పుడు చేయవలసినది

మొదటి పని: తడిని తొలగించడం. మలం అంటిన వెంటనే గుడ్డ మార్చాలి. మూత్రమైతే పగలు రెండు మూడు గంటలకు ఒకసారైనా చూడాలి. పుండు ఉన్నన్నాళ్లూ రాత్రి కూడా కనీసం ఒకసారి లేచి మార్చండి. డైపరు ఖరీదు ఎక్కువని ఒక్కదానినే రాత్రంతా ఉంచే కుటుంబాల కష్టం మాకు తెలుసు. అటువంటప్పుడు డైపరు కంటే ఎప్పటికప్పుడు మార్చే నూలు గుడ్డే మంచిది. గుడ్డ మీద ప్లాస్టిక్ జాంగియా మాత్రం వేయవద్దు. రబ్బరు షీటు వాడితే దాని మీద మందపాటి నూలు దుప్పటి పరచండి.

రెండవ పని: రుద్దకుండా కడగడం. గోరువెచ్చని నీళ్లు మగ్గుతో పోస్తూ చేతితో మృదువుగా కడగండి. ప్రతిసారీ సబ్బు అక్కరలేదు. సువాసన, స్పిరిటు ఉన్న తడి టిష్యూలు పుండు మీద మండుతాయి. వాటికి బదులు నీళ్లలో ముంచిన దూది వాడండి. ఆడపిల్లలకు ముందు నుండి వెనక్కి కడగాలి. మగపిల్లలకు మూత్రాంగం ముందున్న చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకూడదు.

మూడవ పని: ఆరబెట్టడం. మెత్తని పాత నూలు గుడ్డతో అద్దాలి, తుడవకూడదు. తరువాత 10 నుండి 15 నిమిషాలు బిడ్డను గుడ్డ లేకుండా నీడపట్టున, గాలి తగిలేలా పడుకోబెట్టండి. రోజుకు ఇలా నాలుగైదు సార్లు చేస్తే, మందు కంటే ఇదే ఎక్కువ మేలు చేయడం మేము చూస్తున్నాము. సాంబ్రాణి పొగ, బల్బు వేడి, ఎర్రటి ఎండ వద్దు.

నాలుగవ పని: అడ్డు పూత. జింక్ ఆక్సైడ్ ఉన్న ఆయింట్‌మెంట్ గాని, అది దొరకకపోతే పెట్రోలియం జెల్లీ గాని రాయండి. పలుచగా రాస్తే లాభం లేదు. గోడకు సున్నం వేసినట్టు, కింద చర్మం కనబడకుండా మందంగా వేయాలి. ఇది మూత్రానికీ మలానికీ చర్మానికీ మధ్య గోడలాగా నిలుస్తుంది. గుడ్డ మార్చిన ప్రతిసారీ పాత పూతనంతా గీకి తీసివేయకండి. మలం అంటిన పైపొర మాత్రమే తీసి, దాని మీద మళ్లీ వేయండి. గీకితే కొత్తగా వస్తున్న లేత చర్మం కూడా ఊడి వస్తుంది.

ఐదవ పని: ఫంగస్ ఉంటే దాని మందు. డాక్టరు క్లోట్రిమజోల్ వంటి క్రీమ్ రాసి ఇచ్చి ఉంటే, ముందు దానిని పలుచగా రాసి, కొన్ని నిమిషాలు ఆగి, దాని మీద జింకు పూత వేయండి. ఎరుపు తగ్గగానే మానవద్దు. డాక్టరు చెప్పినన్ని రోజులు, మామూలుగా 7 నుండి 14 రోజులు, వాడాలి. బిడ్డ నోటిలో తెల్లపూత ఉండి, తల్లికి చనుమొనలు మంటగా ఉంటే ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి. లేకపోతే ఒకరి నుండి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

విరేచనాలు కూడా ఉంటే ఓ.ఆర్.ఎస్., డాక్టరు చెప్పిన మోతాదులో జింకు మందు ఇవ్వండి. తల్లిపాలు ఆపవద్దు. విరేచనాలు కట్టకుండా పుండు మానదు.

ట్యూబుల విషయంలో ఒక హెచ్చరిక

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మందుల షాపులో "పిల్లవాడికి ఒరుపు, ఏదైనా ఇవ్వండి" అని అడిగితే, చాలాసార్లు మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. వాటిలో క్లోబెటసాల్, బెటామెథసోన్ వంటి బలమైన స్టెరాయిడ్లు ఉంటాయి. రాసిన మరునాటికే ఎరుపు తగ్గుతుంది, అందరూ సంతోషిస్తారు. కాని లోపల ఫంగస్ చావదు. పైకి కనబడకుండా పెరుగుతూనే ఉంటుంది. ట్యూబు ఆపగానే రెట్టింపుగా తిరిగి వస్తుంది. మళ్లీ రాస్తారు. ఇలా నెలలు గడుస్తాయి.

పసిబిడ్డ చర్మం పలుచన. దాని మీద లంగోటీ మూతపెట్టినట్టు ఉంటుంది. అందువలన మందు చర్మం గుండా లోపలికి ఎక్కువగా వెళుతుంది. చర్మం కాగితంలా పలుచబడుతుంది. ఎక్కువ రోజులు వాడితే ముఖం ఉబ్బడం, ఎదుగుదల తగ్గడం, రోగాలను తట్టుకునే శక్తి తగ్గడం జరుగుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని వాటిలో చేర్చింది. తక్కువ బలమున్న హైడ్రోకార్టిజోన్‌ను డాక్టరు కొన్ని రోజులకు రాయవచ్చు. అది ఆయన చూసి నిర్ణయించవలసినది. మీరు ఇంతకు ముందు వాడిన ట్యూబు ఏదైనా ఉంటే దాచవద్దు. ఖాళీదైనా వచ్చేటప్పుడు తీసుకురండి. మేము ఎవరినీ కోప్పడము.

పైన రాసేదే కదా, ఏమవుతుందిలే అనుకోకూడదు. 1972లో ఫ్రాన్స్ దేశంలో పిల్లలకు వాడే ఒక పౌడరులో, తయారీలో జరిగిన పొరపాటు వలన హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారక మందు మోతాదు మించి కలిసింది. ఆ పౌడరు వలన 36 మంది చనిపోయారు. వారు దానిని మింగలేదు. చర్మం గుండానే విషం లోపలికి వెళ్లింది. చెక్కుకుపోయిన చర్మం తెరిచి పెట్టిన తలుపు వంటిది.

ఇంట్లో మానుకోవలసినవి

• టాల్కమ్ పౌడరు: చెమ్మకు ముద్దలై మడతల్లో ఒరుస్తుంది. ఎగిరి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
• బోరిక్ పౌడరు: పుండు గుండా ఒంట్లోకి చేరితే విషం.
• పసుపు, పిడకల బూడిద, ఆకుపసర్లు: పుండు మీద వేయకూడదు. చీము పట్టే ప్రమాదం ఉంది.
• సున్నిపిండి: పుండు మానేవరకు ఆ భాగంలో రుద్దవద్దు.
• డెట్టాల్ వంటివి: స్నానం నీళ్లలో కలపవద్దు, పుండు కడగవద్దు.
• బిగుతు మొలతాడు: లంగోటీ కింద తడిసి ఒరుస్తుంది. కట్టే అలవాటు ఉన్నవారు పుండు మానేవరకు తీసివేయండి.

గుడ్డలు ఉతకడం

మలాన్ని ముందుగా కడిగివేసి, సబ్బుతో ఉతికి, సబ్బు జిగట పూర్తిగా పోయేదాకా రెండు మూడు నీళ్లలో జాడించాలి. మిగిలిన సబ్బు కూడా చర్మాన్ని మండిస్తుంది. పుండు ఉన్నప్పుడు గుడ్డలను మరగబెట్టి, ఎండలో బాగా ఆరవేయండి. వర్షాకాలంలో ఇస్త్రీ చేసి చెమ్మ పోగొట్టండి.

పెట్టెలో దాచిన పాత చీరలతో మరొక అపాయం ఉంది. కలరా ఉండలు వేసిన గుడ్డలు పసిబిడ్డకు కట్టవద్దు. జి-6-పి-డి అనే పదార్థం పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లలకు ఆ వాసన వలననే నెత్తురు విరిగి, కామెర్లు, రక్తహీనత రావచ్చు. బిడ్డకు ఆ లోపం ఉన్నదో లేదో పైకి చూస్తే తెలియదు.

ఆలస్యం చేయకుండా తీసుకురావలసిన గుర్తులు

• జ్వరం. రెండు నెలల లోపు బిడ్డకు చంకలో 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఉంటే రాత్రయినా వెంటనే రండి.
• చీము పొక్కులు, బొబ్బలు, నెత్తురు కారడం, ఎరుపు పొట్టపైకి పాకడం.
• పాలు సరిగా త్రాగకపోవడం, మగతగా ఉండడం, ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం.
• మలంలో నెత్తురు.
• నోటి చుట్టూ, చేతులకు, కాళ్లకు కూడా పుండ్లు.
• పైన చెప్పినట్టు చేసినా రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోవడం, లేదా తగ్గి మళ్లీ మళ్లీ రావడం.

సంఘ పెద్దలకు ఒక మనవి

ఆదివారం ఆరాధన, గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధన, కన్వెన్షన్ సభలు – వీటికి వచ్చే బాలింతలు మధ్యలో లేవడానికి మొహమాటపడి, తడిసిన డైపరుతోనే బిడ్డను ఒడిలో పెట్టుకుని కూర్చుంటారు. మందిరంలో ఒక మూల తెర కట్టి, చాప, బకెట్టు నీళ్లు, మగ్గు ఉంచితే చాలు. స్త్రీల సమాజం వారు పూనుకుంటే ఇది ఒక్క వారంలో అయ్యే పని. చిన్నబిడ్డలను దగ్గరకు రానిమ్మన్న ప్రభువు మందిరంలో, బిడ్డకు గుడ్డ మార్చడానికి తల్లి సిగ్గుపడవలసిన అవసరం ఉండకూడదు.

ఈ పాఠం చదివినవారు, చదువు రాని పొరుగు తల్లికి కూడా చదివి వినిపించండి. కడగడం, ఆరబెట్టడం, మందంగా పూయడం – ఈ మూడు గుర్తుంటే చాలా పుండ్లు ఇంట్లోనే మానుతాయి. మిగిలిన వాటికి మేమున్నాము. ప్రభువు మీ బిడ్డలకు ఆరోగ్యము, మీకు నిద్ర అనుగ్రహించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్,
నర్సింగ్ సిబ్బంది పక్షాన