నాలుగింటి వేళ నీ వాటా ఏదే చెల్లీ?

చెల్లీ, ఒక మాట అడుగుతా, దాచకుండా చెప్పు. నిన్న సాయంత్రం నాలుగింటికి నువ్వేం తిన్నావు?

పిల్లలకేం పెట్టావంటే టకటకా చెప్తావు. రాత్రి షిఫ్టుకు పోయే మీ ఆయన డబ్బాలో ఏం సర్దావో అదీ చెప్తావు. నీ సంగతికొచ్చేసరికి మాత్రం "ఏముందక్కా, చాయ్ తాగినా, రెండు ఖారీలు తిన్నా" అంటావు. అదీ లేని రోజు పిల్లలు పారేసిన వేఫర్ల ప్యాకెట్ అడుగున మిగిలిన పొడి. సూరత్‌లో మనవాళ్లుండే లింబాయత్‌లోనో, ఉధనాలోనో, దిండోలీలోనో ఏ తెలుగింటి తలుపు తట్టినా దాదాపు ఇదే జవాబు. కరీంనగర్, వరంగల్, సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గాల వెంట వచ్చినవాళ్లం. మగవాళ్లు పవర్‌లూమ్ మీద పన్నెండు గంటలు నిలబడితే, ఇంట్లో మనం చీరలు ముందేసుకుని కూర్చుంటాం.

ఆ కూర్చోవడం చూశావా ఎప్పుడైనా, బయటి మనిషిలా? నట్టింట్లో చీరల కుప్ప, పక్కన జిగురు, పళ్లెంలో తళతళలాడే రాళ్లు. కొందరిది లేసు కుట్టే పని, కొందరిది దారాలు కత్తిరించే పని. చీరకింత అని కూలి, కాబట్టి లేచిన ప్రతిసారీ చేతిలోంచి పైసలు జారినట్టే. బొటనవేలికీ చూపుడువేలికీ జిగురు అంటుకుని ఉంటుంది. ఆ రెండూ వదిలేసి, ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య ఖారీని ఇరికించి, చాయ్‌లో ముంచి, తడి బొట్టు చీర మీద పడకుండా నోట్లో వేసుకునే నేర్పు మన ఆడవాళ్లకు తప్ప ఇంకెవరికుంది! నవ్వకు, నువ్వూ అంతే.

ఖారీ అంటే ఏమిటో మాత్రం ఒకసారి ఆలోచించు. మైదా, మధ్యలో పొరలు పొరలుగా కొవ్వు, పైన ఉప్పు. పప్పు లేదు, గింజ లేదు, ఆకు లేదు. తిన్నప్పుడు కడుపు నిండినట్టే ఉంటుంది, గంట తిరిగేసరికి మళ్లీ నకనకలాడుతుంది. అప్పుడు ఇంకో చాయ్. చాయ్‌కి రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకు నాలుగు చాయ్‌లు వేసుకో. ఎనిమిది చెంచాలు, సుమారు 35 గ్రాములు. విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములలోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మిఠాయి ముట్టకుండానే ఆ గీత దాటేశాం.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది చక్కెర కూడా కాదు, నెత్తురు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో గుజరాత్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 65 మందికి రక్తహీనత. దేశం మొత్తం మీద అది 57. ఇన్ని ఫర్సాణ్ దుకాణాలు, ఇంత నెయ్యి, ఇంత పాలు ఉన్న రాష్ట్రంలో! మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి కళ్లు తిరగడం, వాటికి మనం పెట్టుకున్న పేరు "పని ఎక్కువైంది". గర్భిణి కాని ఆడమనిషికి హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. చిరుతిండి మారిస్తే అది పోతుందని నేను చెప్పను. ముందు మున్సిపాలిటీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పరీక్ష చేయించుకో, మాత్రలిస్తే మానకుండా మింగు. అయితే మాత్ర మింగుతూ పక్కనే చాయ్ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా అన్నానికి గంట ముందూ గంట తర్వాతా చాయ్, కాఫీ వద్దని ఉంది. మనమేమో తిండికీ చాయ్‌కీ ముడి పెట్టేశాం. ఆ ముడి విప్పితే చాలు, సగం పని అయినట్టే. ముందు తిండి, గంటాగి చాయ్.

"మరి తిండంటే ఏం తినమంటావక్కా, ఊళ్లో ఎక్కడ చూసినా నూనే" అంటావు. తినడమంటే సూరత్‌లోనే, చావంటే కాశీలోనే అని గుజరాతీలు ఊరికే అనలేదు. ఈ ఊళ్లో ఉంటూ నోరు కట్టేసుకోమనడం నావల్ల కాదు. నాకూ లోచో ఇష్టమే. అసలు లోచోలో తప్పేముంది చెప్పు? నానిన శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించింది. మన ఇడ్లీ జాతే. దాని మీద గరిటెడు నూనె, వెన్న ముద్ద, గుప్పెడు సేవ్ పడినప్పుడే లెక్క మారిపోతుంది. "భయ్యా, తేల్ థోడా కమ్" అంటే బండివాడేమీ కోప్పడడు, ఓ చూపు చూస్తాడంతే. పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ ఎక్కువ అడుగు. ఖమన్, పాత్రా కూడా ఆవిరివే. పాత్రా అయితే చామాకు కాబట్టి ఇంకా మంచిది. వేయించినది కాకుండా ఊరికే తాలింపు పెట్టినది తీసుకో. ఆదివారం ఫాఫ్డా జిలేబీ అంటావా, ఆదివారంనాడే తిను. సోమవారానికి అరకిలో కట్టించి తేవద్దు, మన ఇళ్లలో అది మంగళవారం చూడదు.

నూనె సంగతి ఒక్కటి జాగ్రత్త. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది, 2018 నుంచి అమల్లో ఉంది. కొలిచే యంత్రం మనదగ్గర లేదు గానీ కళ్లూ ముక్కూ ఉన్నాయిగా. మూకుడులో నూనె నల్లబడి, నురగ కక్కుతూ, ఘాటు పొగ కొడుతుంటే ఆ బండి దాటి ముందుకు నడువు. భజియాలు న్యూస్‌పేపర్లో చుట్టిస్తే వద్దను. అచ్చు సిరా కడుపులోకి పోయే దారి అదే.

ఇక చలికాలం వస్తే ఈ ఊరు మనకో వరం ఇస్తుంది, మనమే పట్టించుకోం. పోంక్. మన ఊళ్లో పచ్చజొన్న కంకులు కాల్చి నలిపి తినే ఊసబియ్యమే అది. అడాజణ్ దిక్కు వెళ్లావంటే వరసగా దుకాణాలు. లేత కంకుల్ని వేడి నిప్పుల్లో కాలుస్తారు, గుడ్డలో మూటగట్టి కర్రతో బాదుతారు, పొట్టు చెరిగేస్తే పచ్చగా, మెత్తగా, కొంచెం పాలు నిండిన గింజలు మిగులుతాయి. వేడివేడిగా నోట్లో వేసుకుంటే పొగ వాసన, వెనకాల తీపి. దాని పక్కన నిమ్మకాయ మిరియాల సేవ్ ఇస్తారు, అది చిటికెడు చాలు, గింజే ఎక్కువ ఉండాలి. అదే గింజతో చేసిన పోంక్ వడ పక్కనే మూకుడులో తేలుతుంటుంది, కాళ్లు అటే లాగుతాయి, నాకు తెలుసు. ఖరీదు కూడా తక్కువేం కాదు, కిలోలు కొనక్కర్లేదు. నలుగురు వదినలు కలిసి కొని పంచుకుంటే ఆ సాయంత్రానికి అదే పండగ.

రోజువారీకి మాత్రం నా ఓటు గుడాలకే. శనగలు, పెసలు, బబ్బెర్లు, లేదా ఇక్కడ కిరాణా కొట్లలో చవగ్గా దొరికే మఠ్, ఏవైనా సరే. రాత్రి పడుకునే ముందు రెండు గుప్పిళ్లు నానబెట్టు, పొద్దున అన్నంతో పాటే కుక్కర్లో ఉప్పేసి ఉడికించు. ఒక చెంచా నూనెలో ఎల్లిగడ్డ, ఎండుమిర్చి, కరివేపాకు వేసి తిప్పి డబ్బాలో పెట్టేయ్. నాలుగింటికి పైన ఉల్లిపాయ తరుగు, నిమ్మరసం. ఆ నిమ్మకాయ రుచి కోసమే కాదు, పప్పుల్లో ఉండే ఇనుము అంత తేలిగ్గా ఒంటికి పట్టేది కాదు, పులుపులోని విటమిన్ సి దాన్ని పట్టిస్తుంది. నిమ్మకాయ లేకపోతే జామపండు తిను, కమలాపండు కన్నా దాంట్లోనే విటమిన్ సి ఎక్కువ. జిగురు చేతులంటావా, చెంచా పెట్టుకో. ఆ ఖారీ కోసం పడే సర్కస్ కన్నా తేలికే.

అంత ఓపిక లేని రోజు పల్లీలు ఉన్నాయి. గుప్పెడు, అంటే 30 గ్రాములు. ఏడు గ్రాములకు పైనే మాంసకృత్తులు, 170 కాలరీల దాకా శక్తి. గుప్పెడంటే గుప్పెడే సుమా, టీవీ ముందు పెట్టుకుంటే గిన్నె ఖాళీ అవుతుంది. మరమరాల్లో పుట్నాలు, పల్లీలు, టమాటా, కొత్తిమీర కలుపుకో. ఒట్టి మరమరాలు గాలి తిన్నట్టే, అందుకే పుట్నాలు తప్పనిసరి. ఖాఖ్రా మంచిదే, కానీ ప్యాకెట్‌దైతే వెనక్కి తిప్పి చదువు. ఎక్కువ వేసిన సరుకు పేరు ముందుంటుంది, తక్కువది చివర. గోధుమపిండి కన్నా ముందు మైదా కనిపిస్తే ఆ ప్యాకెట్ అక్కడే పెట్టేసిరా. "ఆయిల్ ఫ్రీ", "హెల్తీ" అని ముందువైపు ఎంత పెద్దక్షరాలతో రాసినా నిజం వెనక చిన్నక్షరాల్లోనే ఉంటుంది.

బెల్లం గురించి కూడా చెప్పాలి, లేకపోతే కోపమొస్తుంది నాకు. చక్కెర మానేసి బెల్లం తింటున్నాం కదా అని ముద్దలకు ముద్దలు మింగేవాళ్లున్నారు. బెల్లమూ చక్కెర లెక్కలోకే వస్తుంది. ఉత్తరాయణానికి నువ్వుల చిక్కీ, పల్లీ చిక్కీ తింటాం, తినాలి కూడా, అందులో గింజ ఉంది. చిన్న ముక్క, నెమ్మదిగా. చందీ పడ్వా నాడు ఘారీ కూడా అంతే. మైదా, మావా, నెయ్యి, చక్కెర అన్నీ ఒకచోట చేరాయి కనుక ఒకటి కొని నలుగురూ తినండి.

పిల్లలు అయిదు రూపాయల ప్యాకెట్ కోసం ఏడుస్తారంటావు. ఏడవనీ. వాళ్లకు బడి నుంచి రాగానే ఆకలి, కంటికి కనిపించింది అడుగుతారు. గుడాల గిన్నె ముందు కనిపిస్తే అదే తింటారు, మొదటి రోజు మూతి ముడుస్తారు, అంతే.

ఇంకొకటి, మన బతుకమ్మ సత్తు. ఊరంతా గర్బా ఆడుతుంటే మనం సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సత్తు, పల్లి సత్తు, పెసర సత్తు చేసుకుంటాం. తొమ్మిది రోజుల పండగ అయిపోగానే దాన్ని ఎందుకు మర్చిపోవాలి? పెసలు దోరగా వేయించి పొడి కొట్టి, తీపి సగానికి సగం తగ్గించి డబ్బాలో పోసి పెట్టుకో. రెండు చెంచాలు పాలల్లోనో మజ్జిగలోనో కలుపుకుంటే నాలుగింటి ఆకలి తీరుతుంది, వేళ్లకేమీ అంటుకోదు. ఉన్న చిక్కల్లా ఒకటే, ఇంట్లో వాళ్లకు దాని రుచి తెలిసిందంటే నీకు మిగలదు. మా సందులో ఒక వదిన తన డబ్బా మీద "మెంతి పొడి" అని రాసిపెట్టుకుంది. ఇప్పటిదాకా ఎవరూ మూత తియ్యలేదట.