గేరు మోటారు కొనుటకు ముందు

చెత్త షెడ్డులో తయారైన ఎరువును జల్లించుటకు కరెంటుతో తిరుగు పీపా జల్లెడను అమర్చుకొనదలచిన పంచాయతీ, తన తీర్మానములో "ఒక హార్సుపవరు గేరు మోటారు" అని మాత్రమే వ్రాసిన చాలదు. ఒకే హార్సుపవరు గల రెండు గేరు మోటార్లలో ఒకటి ఆ జల్లెడను త్రిప్పగలదు. మరియొకటి త్రిప్పజాలక కాలిపోవచ్చును. వెచ్చించు ధనము ప్రజలది. కావున ఈ భేదమును సభ్యులు తెలిసికొనుట అవసరము.

టార్కు అనగా నేమి?

గానుగ దూలము పొడవైన కొలది ఎద్దునకు త్రిప్పుట సులభము. కురుచైన కొలది కష్టము. అనగా త్రిప్పుటలో బలముతో పాటు ఇరుసు నుండి దాని దూరము కూడ లెక్కకు వచ్చును. ఈ రెంటిని గుణించగా వచ్చునదే టార్కు. దీనిని న్యూటన్ మీటర్లలో కొలుతురు.

సాధారణముగా వాడుకలో నున్న నాలుగు పోళ్ల మోటారు నిమిషమునకు సుమారు 1440 చుట్లు తిరుగును. జల్లెడకు 24 చుట్లు చాలును. కావున 60కి 1 నిష్పత్తి గల గేరుపెట్టె కావలెను. వేగము 60వ వంతుకు తగ్గును. టార్కు 60 రెట్లు పెరుగును. అయితే గేర్ల రాపిడిలో కొంత నష్టమగును.

లెక్క చూచు విధము

కిలోవాట్లను 9550 చే గుణించి, నిమిషమునకు తిరుగు చుట్లచే భాగించిన టార్కు తెలియును. ఒక హార్సుపవరు సుమారు 0.75 కిలోవాటు. 24 చుట్ల వేగమున దాని టార్కు 298. వర్ము గేరులో నూటికి సుమారు 30 వంతులు పోగా 210 మిగులును. హెలికల్ గేరులో 6 వంతులు పోయినను 280 మిగులును.

ఇక జల్లెడ అవసరము: 60 కిలోల ఎరువు ఇరుసునకు 25 సెంటీమీటర్ల దూరమున పైకి లేచుచున్నచో 147 న్యూటన్ మీటర్లు కావలెను. తడి ఎరువుతో నిండియున్నపుడు కదలించుటకు ఒకటిన్నర రెట్లు, అనగా 220, ఉంచుకొనుట మేలు. వర్ము గేరు ఇక్కడ చాలదు; హెలికల్ గేరు చాలును. వర్ము గేరే కావలెనన్నచో ఒకటిన్నర హార్సుపవరు మోటారు తీసికొనవలెను. కాని అదే పనికి కరెంటు ఎక్కువ ఖర్చగును.

మరియొక సంగతి. వోల్టేజి 415 నుండి 332కు పడిపోయినచో, మోటారు కదలించు బలము నూటికి 64 వంతులకు తగ్గును. వోల్టేజి తగ్గు గ్రామములందు జల్లెడను ఖాళీగా త్రిప్పి, పిమ్మట ఎరువు వేయుట క్షేమము.

కొటేషనులో కోరవలసినవి

1. మోటారు కిలోవాట్లు, వోల్టేజి.
2. గేరుపెట్టె ఇరుసు వేగము, నిమిషమునకు చుట్లలో.
3. ఆ ఇరుసు వద్ద లభించు టార్కు. గేరుపెట్టె ఓర్వగల గరిష్ఠ టార్కు.
4. గేరు రకము, నిష్పత్తి.

ఈ వివరములు లేని కొటేషను ఎంత చవకైనను అంగీకరింపరాదు. యంత్రము వచ్చిన పిమ్మట నిండు ఎరువుతో సభ్యుల యెదుట నడిపించి చూచి, మోటారు పలకపై నున్న అంకెలను ఆర్డరుతో సరిపోల్చిన తరువాతనే సొమ్ము చెల్లింపవలెను.