సీసాలో టీ లేదు

"జపనీస్ టీ సెరిమనీ ఇన్‌స్పైర్డ్" అని రాసిన పెర్‌ఫ్యూమ్స్ ఆన్‌లైన్‌లో చాలానే కనిపిస్తాయి. రేటు చూసి ట్యాబ్ మూసేసే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. కానీ ఒక విషయం తెలుసా? జపాన్‌లో నిజంగా ఎవరైనా టీ సెరిమనీకి పిలిస్తే సెంటు కొట్టుకుని వెళ్లకూడదు. గిన్నెకి గీత పడకుండా ఉంగరాలు, వాచీ తీసేస్తారు కదా, సెంటు కూడా అలాగే ఇంట్లోనే వదిలేసి రావాలి. మరి ఆ సెరిమనీ పేరుతో సెంటు ఎలా చేస్తున్నారు?

ముందు ఆ గదిలో ఏ వాసన ఉంటుందో చెప్తాను. ఈ ఆచారం పేరు చానొయు. దీనికి ఒక రూపం తెచ్చినవాళ్లలో సెన్ నో రిక్యూ (1522–1591) పేరు ముందు చెప్తారు. చిన్న గది, కింద తతామి చాపలు, బొగ్గుల మీద ఇనప కెటిల్. ఆ బొగ్గుల దగ్గరే కొంచెం ధూపం వేస్తారు. దానికీ సీజన్ ఉంది. మే నుంచి అక్టోబర్ దాకా గంధం లాంటి చెక్క ముక్కలు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా నెరికో, అంటే సుగంధాల పొడుల్ని తేనె లాంటివాటితో కలిపి చేసిన చిన్న ఉండలు. గంధాన్ని వాళ్లు బ్యకుదాన్ అంటారు. మన శ్రీగంధమే!

ధూపం కోసమే కోదో అని ఇంకో విద్య ఉంది. అందులో వాసన "వింటారు". మనమేమో వాసన "చూస్తాం". ఇంగ్లిష్‌లో స్మెల్‌కి స్మెల్లే, పాపం.

ఇక టీ. మాచా ఆకుని కోసే ముందు దాదాపు మూడు వారాలు నీడలో ఉంచుతారు. కోశాక ఆవిరి పట్టి, ఆరబెట్టి, తిరగలిలో పొడి చేస్తారు. నీడ వల్ల వచ్చే ప్రత్యేకమైన వాసనలో డైమిథైల్ సల్ఫైడ్ పాత్ర ఉంది. సముద్రపు నాచు వాసన కూడా అదే. ఉన్నదున్నట్టు సీసాలో పోస్తే మెడకి ఎవరు రాసుకుంటారు?

అందుకే పెర్‌ఫ్యూమర్ టీని పిండడు, టీ అనిపించేలా చేస్తాడు. దీనికి పేరున్న ఉదాహరణ 1992లో బుల్గారి కోసం జాన్ క్లాడ్ ఎలెనా చేసిన ఓ పర్ఫ్యూమే ఓ థే వేర్. ఆయనకి ఐడియా వచ్చింది జపాన్‌లో కాదు, పారిస్‌లో ఒక టీ షాపులో డబ్బాలు వాసన చూస్తుంటే. ఆ టీ భావానికి మూలం రెండు పదార్థాలు: అయొనోన్, హెడియోన్. మొదటిది వయొలెట్ పూల వాసన, రెండోది మల్లె, జాజి వైపు వెళ్లే పల్చటి వాసన. విడివిడిగా రెండూ టీ కాదు. కలిస్తే ముక్కు "టీ" అంటుంది. మన భాషలో చెప్పాలంటే పెద్ద ఫైల్‌ని రెండు వేరియబుల్స్‌లోకి కంప్రెస్ చేశారు! (పాలు, అల్లం, యాలకులు పడితే గానీ టీ అనని మన ముక్కులు ఒప్పుకుంటాయా అన్నది వేరే డౌటు.)

తర్వాత మాచా పేరుతోనే వచ్చాయి. లె లాబో 2021లో తెచ్చిన థే మాచా 26లో అత్తి, వెటివర్ అంటే మన వట్టివేరు, దేవదారు జాతి చెక్క, చేదు నారింజ చెప్తారు. లేబుల్ మీద జపాన్ లేకపోయినా నాకు ఎలెనా పద్ధతే ఆ గదికి దగ్గరగా అనిపిస్తుంది. అక్కడా తీసేయడమే పని: గోడకి ఒక్క చిత్రం, కుండీలో ఒకటో రెండో పూలు.

కానీ ఒక తేడాని ఏ ఫార్ములా దాటలేదు. ఆ గదిలో ధూపం ఎవరిదీ కాదు. హోస్ట్ వేస్తారు, అందరూ ఒకేసారి పీలుస్తారు, బొగ్గు చల్లారితే అయిపోతుంది. పెర్‌ఫ్యూమ్ మాత్రం ఒక్కరి ఒంటిని పట్టుకుని సాయంత్రం దాకా క్లాసంతా తిరుగుతుంది. "సెరిమనీ" అనే మాట నాకు అక్కడే అతకదు. "గ్రీన్ టీ" అని ఊరుకుంటే పేచీ లేదు.

టెస్ట్ చేయాలంటే మాచా కొనక్కర్లేదు. మామూలు గ్రీన్ టీ ఆకు మీద మరగని వేడి నీళ్లు, 70–80 డిగ్రీలవి, పోసి రెండు నిమిషాలు మూత పెట్టండి. కప్పు కాదు, ఆ మూత లోపలి వైపు వాసన చూడండి. లేదా వినండి.