నడుము కట్టుకొనియున్న సేవకుడు

పాఠ్యభాగము: లూకా 12:35-40

ఇంగ్లాండులోని సౌతాంప్టన్ చెంత వెస్ట్ ఎండ్ గ్రామ సంఘపు సమాధుల తోటలో ఆర్థర్ రోస్ట్రన్ (1869-1940) స్మారకశిల యున్నది. అతడు వర్తకనౌకల కెప్టెను, బ్రిటిషు నావికాదళ రిజర్వు అధికారి. రిజర్వు అధికారి యనగా తన వృత్తి చేసికొనుచునే, పిలుపు వచ్చినప్పుడు దళమున చేరుటకు సిద్ధపడియుండువాడు.

1912 ఏప్రిల్ 15, అర్ధరాత్రి దాటిన పిమ్మట టైటానిక్ ఓడ ఆపదలోనున్నదని అతని 'కార్పేతియా'కు వైర్‌లెస్ వార్త వచ్చెను. అతడు ముందు ఓడను త్రిప్పుమని ఆజ్ఞాపించి, పిమ్మటనే వార్త నిశ్చయమా యని అడిగెను. గదులను వెచ్చపరచు ఆవిరిని యంత్రములకు మళ్లించెను. వైద్యులను, కంబళ్లను, వేడి ఆహారమును సిద్ధపరచెను. మంచుకొండల నడుమ దాదాపు 58 మైళ్లు పయనించి, ఏడువందలకు పైగా ప్రాణులను ఓడ నెక్కించుకొనెను.

అయినను సుమారు 1500 మంది అప్పటికే మరణించిరి. అట్లయిన అతని త్వర వ్యర్థమా? కాదు. ప్రభువు దాసుని ఫలితమునుబట్టి కాక, మెలకువనుబట్టి ధన్యుడని పిలుచుచున్నాడు.

35వ వచనమున గ్రీకు క్రియారూపము, పిలుపు విన్న తరువాత నడుము కట్టుకొనుటను కాదు, ముందే కట్టుకొని అట్లే నిలిచియుండు స్థితిని తెలుపుచున్నది. రెండవ జామో మూడవ జామో మనమెరుగము. అయితే 37వ వచనపు ఆశ్చర్యమును గమనించుడి: మెలకువగానున్న దాసులకు యజమానుడే నడుము కట్టుకొని వడ్డించును. మన సిద్ధపాటునకు ఆధారము ఆ కృపయే.

ఆలోచించుడి: నేటి రాత్రి పొరుగువాని మొర వినబడినయెడల, మన సుఖములలో దేనిని మళ్లించుటకు సిద్ధముగానున్నాము?